ముల్లు వంద దగ్గర, కారు తొంభై అయిదు దగ్గర

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు నిలకడగా పోతోంది. మీటరు బోర్డులో ముల్లు 100 మీద ఉంది. పక్క సీట్లో ఉన్నవాళ్ల ఫోన్లో జీపీఎస్ మాత్రం 95 అంటోంది. ఇక్కడ చాలామంది రెండు పొరపాట్లు చేస్తారు. ఫోనే తప్పు చూపిస్తోందనుకోవడం మొదటిది. వేగం 5 శాతం ఎక్కువ చూపిస్తోంది కాబట్టి తిరిగిన కిలోమీటర్లు కూడా 5 శాతం ఎక్కువే పడుతున్నాయని తేల్చేయడం రెండోది. లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా రెండో దాంట్లో పడిపోతుంటారు. వేగం చూపే స్పీడోమీటరుకూ, తిరిగిన దూరం చూపే ఓడోమీటరుకూ సమాచారం అందేది ఒకే చోటి నుంచి. కానీ దాంతో ఆ రెండూ చేసే పని వేరు.

కారుకు రోడ్డు తెలియదు. దానికి తెలిసేదల్లా చక్రం ఎన్ని చుట్లు తిరిగిందన్నదే. ఒక్కో చుట్టుకు ఎంత దూరం అన్నది ఫ్యాక్టరీలో ఒకసారి రాసిపెట్టిన అంకె. పేచీ అంతా ఆ అంకెతోనే.

మారుతి స్విఫ్ట్ పై వేరియంట్లలో వచ్చే 185/65 ఆర్15 టైరు తీసుకోండి. వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 120 మి.మీ. పైన. పైగోడ, కింది గోడ కలిపి 240.5, మధ్యలో 15 అంగుళాల రిమ్ము 381. మొత్తం వ్యాసం 621.5 మి.మీ. దీన్ని 3.14తో గుణిస్తే చుట్టుకొలత సుమారు 1,952 మి.మీ. వస్తుంది. అయితే బరువు మోసే టైరు గుండ్రంగా ఉండదు, నేలను తాకే చోట నొక్కుకుపోతుంది. అందుకే టైరు ప్రమాణాల్లో రేడియల్ టైర్లకు (లోపల ఉక్కు తీగల బెల్టు ఉన్నవాటికి) 3.14 బదులు 3.05 వాడతారు. అప్పుడు చుట్టుకు 1,896 మి.మీ. మాత్రమే. కిలోమీటరుకు 512 చుట్లు కాదు, దాదాపు 528.

అదే స్విఫ్ట్ కింది వేరియంట్లలో 165/80 ఆర్14 టైర్లు వస్తాయి. చూడటానికి చిన్న చక్రం. లెక్క కడితే వ్యాసం 619.6, అంటే తేడా 0.3 శాతమే. రిమ్ము తగ్గిన మేరకు గోడ ఎత్తు పెంచారు. రెండు వేరియంట్లకూ ఒకే మీటరు లెక్క సరిపోవడానికి కారణం ఇదే.

ఇక అరుగుదల. కొత్త టైరు మీద గాడి లోతు 8 మి.మీ. అనుకుందాం. అరుగుదల గుర్తు 1.6 దగ్గర ఉంటుంది. అక్కడిదాకా వాడితే వ్యాసంలో 12.8 మి.మీ. పోయినట్టు. 621.5లో అది 2 శాతం. చక్రం చిన్నదైతే అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు ఎక్కువ చూపిస్తుంది. టైర్లు మార్చిన రోజున మీ కారు మీటరు నిన్నటికంటే 2 శాతం నిజాయితీగా మారుతుందన్నమాట. గాలి తగ్గితే కూడా ఇంతే తేడా వస్తుందని చాలామంది అనుకుంటారు. అంత రాదు. రేడియల్ టైరు లోపలి ఉక్కు తీగల బెల్టు పొడవు దాదాపు మారదు. యుద్ధ ట్యాంకు గొలుసు లాగా ఆ బెల్టే నేల మీద పరుచుకుంటూ పోతుంది. గాలి బాగా తగ్గినా తేడా సాధారణంగా ఒక శాతం లోపే. అయినా ఆ కాస్త తేడానే పట్టుకుని, మిగతా మూడు చక్రాలతో పోల్చి, ‘ఈ టైరులో గాలి తగ్గింది’ అని చెప్పే కార్లున్నాయి.

ఓడోమీటరు లెక్కపెట్టడానికీ స్పీడోమీటరు అంచనా వేయడానికీ ఉన్న తేడా పాత మీటర్లలో కంటికి కనిపించేది. అంబాసిడర్లో, ప్రీమియర్ పద్మినిలో గేరుబాక్సు నుంచి ఒక తీగ కేబులు మీటరు దాకా వచ్చేది. దాని చివర ఓ అయస్కాంతం గిరగిరా తిరుగుతుంది. దానికి అంటీ అంటనట్టు ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. తిరిగే అయస్కాంతం గిన్నెలో సుడి తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుట్టించి దాన్ని తనతో లాగబోతుంది, వెంట్రుక లాంటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ రెంటి తగువు ఎక్కడ తెగితే అక్కడ ముల్లు ఆగుతుంది. 1902లో బెర్లిన్‌లో ఒటో షుల్జె పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది. ఓడోమీటరుకు అయస్కాంతంతో పని లేదు. అదే కేబులు పళ్ల చక్రాలను తిప్పితే అంకెలు దొర్లుతాయి. రోమన్ ఇంజినీరు విట్రూవియస్ రెండు వేల ఏళ్ల కిందట వర్ణించిన బండి కూడా ఇదే పని చేసేది: చక్రం 400 చుట్లు తిరిగితే ఒక గులకరాయి పెట్టెలో పడుతుంది, ఒక మైలు అయినట్టు.

అందుకే పాత కార్లలో అయస్కాంతం బలం తగ్గితే వేగం తక్కువ చూపేది, స్ప్రింగు సడలితే ఎక్కువ చూపేది. కిలోమీటర్ల లెక్క మాత్రం చెక్కుచెదిరేది కాదు. కేబులులో గ్రీజు ఎండిపోతే అది పట్టుకుని వదులుతూ తిరుగుతుంది, ముల్లు 40కీ 60కీ మధ్య ఊగుతుంది. అప్పుడు కూడా దూరం సరిగ్గానే పడుతుంది.

ఇప్పటి కార్లలో అయస్కాంతం గిన్నె లేదు. చక్రం హబ్ దగ్గర పళ్ల రింగు, దాని ఎదురుగా ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సరు. రింగుకు 48 పళ్లుంటే, పైన చెప్పిన టైరుతో కిలోమీటరుకు 25 వేల పైచిలుకు పల్సులు వస్తాయి. ఇంత నాణ్యమైన లెక్క చేతిలో ఉండీ మీటరు 95ను 100 అని ఎందుకు చెబుతుంది? కావాలనే చెబుతుంది. తక్కువ మాత్రం చెప్పకూడదని నిబంధన ఉంది.

యూరప్‌తో సహా చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం, కార్ల ఆమోద పరీక్షలో స్పీడోమీటరు నిజ వేగం కంటే రవ్వంత కూడా తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపొచ్చు, నిజ వేగంలో పదో వంతుకు మరో 4 కి.మీ. కలిపినంత వరకు. నిజంగా 40లో పోతున్నప్పుడు 48 దాకా, 80లో 92 దాకా, 120లో 136 దాకా చూపినా పాసే. తిరగేసి చెబితే, ముల్లు 100 మీద ఉన్నప్పుడు కారు 87 నుంచి 100 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

ఇప్పుడు కంపెనీ ఇంజినీరు వైపు నుంచి చూడండి. అతని మీటరు కొత్త టైరుతోనూ అరిగిన టైరుతోనూ, ఆ మోడల్‌కు అనుమతించిన అన్ని సైజులతోనూ పని చేయాలి. వీటిలో అతి పెద్ద చక్రంతో కూడా ముల్లు నిజం కంటే కిందికి పోకూడదు. అందుకని సెన్సరు లెక్క మీద కొంత కలిపి చూపిస్తాడు. ఇది నాకు మోసంలా అనిపించదు. గడియారాన్ని అయిదు నిమిషాలు ముందుకు పెట్టుకోవడం లాంటిదే ఇదీ. ఓడోమీటరుకు ఈ ఒకవైపు షరతు లేదు. అందుకని సాధారణంగా దానికి కలిపింది చేరదు, చాలా కార్లలో ముల్లు కంటే అదే నిజానికి దగ్గరగా ఉంటుంది.

దూరం లెక్క తేడాపడితే నష్టం నేరుగా జేబుకే. వారంటీ, లీజు, సర్వీసు, అమ్మకం ధర అన్నీ ఆ అంకె మీదే. అమెరికాలో 2002–2006 మోడల్ హోండా కార్ల ఓడోమీటర్లు ఎక్కువ చూపిస్తున్నాయని కేసు నడిచింది. చివరికి ఒప్పందంలో భాగంగా కంపెనీ వారంటీ దూరాన్ని 5 శాతం పెంచింది. మన దగ్గర ఆటో మీటరుకు తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి, ఎందుకంటే అక్కడ అంకెను బట్టి డబ్బు చేతులు మారుతుంది. సెకండ్‌హ్యాండ్ కారు బేరంలోనూ మారేది డబ్బే, కానీ ఆ ఓడోమీటరు మీద ఏ ముద్రా ఉండదు.

మీ కారు సంగతి తేల్చుకోవాలంటే ఓ గంట పని. చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులో రాసినంత గాలి నాలుగు టైర్లలోనూ పెట్టించండి. ఓ పది కిలోమీటర్లు నడిపి టైర్లు వేడెక్కనివ్వండి. పైకప్పు లేని, చదునైన, వంపులు లేని రోడ్డు కావాలి. తిరుమల, శ్రీశైలం ఘాట్ రోడ్లు ఈ పనికి పనికిరావు, వంపుల్లో వేగం నిలకడగా ఉండదు. ఫోన్ పక్కవాళ్ల చేతిలో ఉండాలి, డ్రైవరు చేతిలో కాదు. జీపీఎస్ వేగం ఉపగ్రహ సంకేతం పౌనఃపున్యంలో మార్పును బట్టి వస్తుంది కాబట్టి నిలకడ వేగంలో చాలా నమ్మదగినది. కానీ ఓ క్షణం వెనకబడి ఉంటుంది. ముల్లు ఒకే చోట 15 సెకన్లు నిలిచాకే అంకె రాసుకోవాలి.

40, 60, 80, 100 దగ్గర రాసుకున్నారు. జీపీఎస్ 37, 56, 76, 95 చూపింది అనుకుందాం. తేడాలు 3, 4, 4, 5. ముల్లు 40 నుంచి 100కి 60 పెరిగితే నిజం 58 పెరిగింది, అంటే వేగంతోపాటు పెరిగే తప్పు సుమారు 3.4 శాతం. 37కు ఆ 3.4 శాతం కలిపితే 38.3 వస్తుంది. ముల్లు చూపింది 40. మిగిలిన దాదాపు 2 కి.మీ. ప్రతి వేగంలోనూ ఊరికే కలుస్తున్నది. ఈ స్థిరమైన 2 మీటరు బోర్డు చేర్చినదే, టైరు వల్ల రాదు. 3.4 శాతం మాత్రం టైరు వల్ల కావచ్చు, కంపెనీ కలిపింది కావచ్చు. ఆ తగువు తీర్చేది ఓడోమీటరే.

జాతీయ రహదారి మీద కిలోమీటరు రాయి దాటుతున్న క్షణాన ట్రిప్ మీటరు సున్నా చేసి, 50 కి.మీ. తర్వాతి రాయి దగ్గర చదవండి. ట్రిప్ 51.7 చూపితే తప్పు చక్రం సైజులోనే ఉంది. 50.2 చూపితే చక్రం లెక్క సరైనదే, ముల్లుకు మాత్రమే కంపెనీ కలిపింది. ఒక కిలోమీటరుతో ఈ పరీక్ష చేయకండి. ట్రిప్ మీటరు వంద మీటర్ల మెట్టులో కదులుతుంది కాబట్టి అక్కడే 10 శాతం గల్లంతవుతుంది, 50 కి.మీ.లో అది 0.2 శాతమే. కొత్త బైపాస్ పడిన చోట రాళ్ల లెక్క తెగిపోయి ఉండొచ్చు, అలాంటి భాగం వదిలేయండి. స్టీరింగు కింద ఓబీడీ సాకెట్టుకు (మెకానిక్ కారు కంప్యూటరును చదివే చోటు) చిన్న బ్లూటూత్ రీడరు తగిలించినా ఓ దారి దొరుకుతుంది. చాలా కార్లలో అది కలపని వేగం చెబుతుంది, ముల్లు కంటే జీపీఎస్‌కు దగ్గరగా.

టైరు షాపులో ‘ఒక సైజు పెంచుదాం సార్, లుక్ బాగుంటుంది’ అనే మాట వినబడినప్పుడు ఈ లెక్కలు గుర్తుంచుకోండి. 185/65 ఆర్15 స్థానంలో 205/65 ఆర్15 వేస్తే వ్యాసం 647.5, అంటే 4.2 శాతం పెద్దది. ముల్లు ఎక్కువ చూపడం దాదాపు మాయమవుతుంది. సంతోషించే విషయం కాదు, కొన్ని కార్లలో నిజం కంటే తక్కువ చూపడం మొదలవుతుంది, స్పీడ్ గన్‌కు ఆ సంగతి పట్టదు. దూరం కూడా తక్కువే పడుతుంది. నిజంగా 521 కి.మీ. తిరిగితే మీటరు 500 అంటుంది. 25 లీటర్ల పెట్రోలుకు మైలేజీ 20.8 కాకుండా 20.0 అని లెక్క వస్తుంది. ‘టైర్లు మార్చాక మైలేజీ పడిపోయింది’ అనే ఫిర్యాదులో కొంత నిజమే, వెడల్పు టైరు ఇంజను మీద బరువే. మిగతాది ఉత్త లెక్కల మాయ. అల్లాయ్ వీల్ మీద మోజు ఉంటే 195/55 ఆర్16 చూడండి. వ్యాసం 620.9, మీటరుకు తేడా తెలియదు.

ముల్లు ఉన్నట్టుండి సున్నాకు పడిపోయి, ఏబీఎస్ దీపం కూడా వెలిగితే మీటరు బోర్డు మార్చమనే మాటకు వెంటనే ఒప్పుకోకండి. ముందు చక్రం దగ్గర సెన్సరు వైరు చూడాలి, ఎలుకలు కొరికి ఉండొచ్చు. రింగు పన్ను విరిగినా, ఇనుప తుప్పు పేరుకున్నా ఇదే లక్షణం. ఈ మధ్యే వీల్ బేరింగ్ మార్పించి ఉంటే అనుమానం అటే వెళ్లాలి. చాలా కొత్త బేరింగుల్లో పళ్ల రింగు బదులు ఒక పక్క నల్లటి అయస్కాంతపు పూత ఉంటుంది, ఆ పక్క సెన్సరు వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే బేరింగ్ శబ్దం లేకుండా చక్కగా తిరుగుతుంది, సెన్సరుకు మాత్రం ఏమీ కనబడదు. దాన్ని ఊడదీసి సరిగ్గా బిగించాల్సిందే. ఊడదీసేటప్పుడు బేరింగ్ సాధారణంగా దెబ్బతింటుంది కాబట్టి ఇంకో కొత్తది కొనాలి.