ఒక్కో కాలమ్ వెనక ఒక్కో పథకం: కర్నూలులో సర్కారు ఇంటి దరఖాస్తు

"అన్నా, ఈసారి దీనికి ఏం పేరు పెట్టినారు?" దరఖాస్తు నా చేతికిస్తూ అడిగింది బుధవారపేటలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఒకామె. ఆమె చంకలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. పాత తెల్లకార్డు జిరాక్సు, తర్వాత వచ్చిన బియ్యం కార్డు, మొగుడూ పెళ్లాల ఆధార్లు, ఆదాయం, కులం సర్టిఫికెట్లు, ఇంటి ఓనరు పేరున కరెంటు బిల్లు అన్నీ అందులోనే. అద్దెకుండే మనిషికి ఓనరు కరెంటు బిల్లు ఎందుకు అంటారా? దానికీ ఒక చరిత్ర ఉంది.

కర్నూలులో సర్కారు పెద్దఎత్తున ఇళ్లు కట్టింది మొదట పేదల కోసం కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి ఈ ఊరు రాజధాని అయింది. ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఉద్యోగుల కోసం క్వార్టర్లు లేచాయి. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అని ఇప్పటికీ ఆటోవాళ్లు అరిచే పేర్లు ఆ కాలంవే. 1956 నవంబరులో రాజధాని హైదరాబాద్ పోయింది. పేర్లు మాత్రం మిగిలాయి.

తర్వాత వచ్చిన హౌసింగ్ బోర్డు ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని, అంటే తక్కువ, మధ్య, ఎక్కువ ఆదాయాలను బట్టి ఇళ్లు కట్టి వాయిదాల మీద ఇచ్చింది. వాయిదా కట్టాలంటే నెలనెలా జీతం రావాలి. హమాలీకో, ఇస్త్రీ చేసుకునే మనిషికో అది ఎక్కడిది? పేదల ఇళ్ల కోసమే రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ పుట్టింది 1979లో. 1983లో ఎన్టీఆర్ వచ్చాక పక్కా ఇల్లు అనే మాట ఇంటింటి మాట అయింది. కానీ ఈ పథకాల చూపంతా ఎక్కువగా పల్లె మీదే. అక్కడ జాగా ఉంటుంది, లేదంటే దొరుకుతుంది. పట్నంలో అసలు చిక్కంతా జాగా దగ్గరే. జాగా లేనివాళ్లు హంద్రీ ఒడ్డునో, వంక పక్కనో పొరంబోకులో గుడిసె వేసుకున్నారు. 2001లో మురికివాడల కోసం కేంద్రం వాంబే పథకం తెచ్చింది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డప్పుడు ఒడ్డున ఉండడమంటే ఏంటో అందరికీ తెలిసొచ్చింది. మిద్దెలున్నవాళ్లు మిద్దెలెక్కారు. గుడిసెల వాళ్లకు ఎక్కడానికి ఏముంది? "మీరుండే స్థలం అభ్యంతరం లేనిదేనా?" అని, అంటే నది ఒడ్డో వంక పక్కో కాదు గదా అని అధికారులు అడిగితే జనం చిరాకు పడతారు గానీ, ఈ ఒక్క ప్రశ్నతో నాకు పేచీ లేదు.

"గతంలో ఇల్లు పొందారా?" అన్న ప్రశ్న సంగతి వేరు. 2006లో మొదలైన ఇందిరమ్మ పథకంలో లక్షల ఇళ్లు లేచాయి. లేని ఇళ్లకు బిల్లులెత్తారన్న ఆరోపణలూ, విచారణలూ వచ్చాయి. అప్పటినుంచి ఆధార్, జియో ట్యాగింగ్, పాత జాబితాలతో సరిచూడ్డం మామూలైపోయింది. పైగా 2015లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన ప్రకారం కుటుంబంలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు.

ఆ పథకం కిందే పట్నాల్లో టిడ్కో అనే రాష్ట్ర సంస్థ కట్టిన అపార్ట్‌మెంట్లు వచ్చాయి. కర్నూలులో జగన్నాథగట్టు మీద కట్టారు. శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మునిగే గుడిని తెచ్చి మళ్లీ నిలబెట్టిందీ ఆ గట్టు మీదే. మొత్తానికి నిలువ నీడ పోయినవాళ్లకు ఆ గట్టు కొత్తేమీ కాదు. 300, 365, 430 చదరపు అడుగులని మూడు రకాలు. చేతి నుంచి కట్టాల్సింది మొదట వరుసగా 500, 50 వేలు, లక్ష. సర్కారు సబ్సిడీ పోను మిగతాది బ్యాంకు అప్పు. 2019లో ప్రభుత్వం మారాక చిన్న ఇల్లు రూపాయికే అన్నారు, మిగతా రెండింటికీ చేతి నుంచి కట్టేది సగానికి తగ్గించారు. ఈలోగా ఏళ్లు గడిచాయి. రాష్ట్రంలో కొందరికైతే తాళాలు చేతికి రాకముందే కంతులు కట్టమని బ్యాంకు నోటీసులొచ్చాయి.

2020 డిసెంబరు 25న ఇంటి స్థలాల పట్టాల పంపిణీ మొదలైంది. పట్నంలో సెంటు, అంటే 48.4 గజాలు. పల్లెలో సెంటున్నర. అర్హులైతే దరఖాస్తు పెట్టిన 90 రోజుల్లో పట్టా అన్నారు. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది. ఇప్పుడు మాట పట్నంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు. అందుకే ఆమె పేరేంటని అడిగింది.

ఇక కరెంటు బిల్లు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాక పథకాలన్నిటికీ ఆరు అంచెల పరిశీలన పెట్టారు. కారుందా, ప్రభుత్వోద్యోగం ఉందా, ఇన్‌కమ్ ట్యాక్స్ కడుతున్నారా అని చూస్తారు. నెలకు 300 యూనిట్లు దాటినా గండమే. ఆమె ఉండే ఇంట్లో నాలుగు పోర్షన్లకు మీటరు ఒక్కటే. ఆ మీటరుకు ఎప్పుడో ఈమె ఆధార్ తగిలించారు. నలుగురి ఫ్యాన్లూ, ఓనరు ఏసీ కలిసి ఈమె పేరు మీద తిరుగుతున్నాయి. ఓనరేమో "సబ్ మీటరుంది గదమ్మా" అంటాడట. అది ఆయన పెట్టుకున్నది, కరెంటోళ్ల లెక్కలో ఉండదు. ముందు ఆధార్ లంకె తీయించుకుని రమ్మన్నారు సచివాలయంలో. తీయడం తమ పని కాదన్నారు కరెంటాఫీసులో.

సోమవారం బండి మూసి, కవరు తీసుకుని కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌కు పోతానంది. ఆ రోజు ఇస్త్రీ బట్టలు మంగళవారం తీసుకోమని మా అందరికీ ముందే చెప్పింది.