బస్టాపులో పలకని పెద్దాయన

సీతమ్మధార, విశాఖపట్నం

చిన్నారికీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

జపాన్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఫోన్లో "బుల్లెట్ రైలు ఎక్కావా తాతా?" అనే అడుగుతున్నారు. ఎక్కాను. దాని వీడియోలు మీ బాబాయి పంపాడుగా, చూసుకోండి. నేను చెప్పాలనుకున్నది నగోరో అనే కొండ ఊరి సంగతి.

జపాన్ నాలుగు పెద్ద దీవుల్లో అన్నింటికన్నా చిన్నది షికోకు. అందులో ఇయా లోయలో ఉంది ఈ ఊరు. పాడేరు ఘాట్ రోడ్డులో బుజ్జిగాడు కవరు పట్టుకుని కూర్చున్నాడు, గుర్తుందా? అలాంటి మెలికలే, రోడ్డు ఇంకా ఇరుకు. ఎదురుగా కారొస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే.

ఊళ్లోకి రాగానే బస్టాపులో ముగ్గురు కూర్చుని కనిపించారు. మీ మామ్మ కారు దిగి, నడుం వంచి దణ్ణం పెట్టింది. (నాలుగు రోజుల్లోనే ఆవిడకి అది అలవాటైపోయింది.) ఒక్కరూ పలకలేదు. చెవుడేమోనని నేను దగ్గరకెళ్లి గట్టిగా "కొన్నిచివా" అన్నాను. టోపీ పెద్దాయన ఉలకడు, పలకడు. వంగి చూద్దును కదా, కళ్లకి బదులు గుండీలు! వెనక్కి తిరిగితే మీ బాబాయి కారుకి ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ముందే తెలుసు వాడికి.

ఊరంతా బొమ్మలేరా! పొలం గట్టు మీద, ఇళ్ల అరుగుల మీద, ఎక్కడ చూసినా మనిషంత బొమ్మలు. అసలు మనుషులు 30 మంది కూడా లేరు, బొమ్మలు దానికి ఎన్నో రెట్లు.

ఇవన్నీ త్సుకిమి అయానో అనే ఆవిడ పని. ఒసాకాలో ఉండేవారు, తండ్రిని చూసుకోవడానికి ఊరికి తిరిగొచ్చారు. విత్తనాలు చల్లితే పిట్టలు తినేస్తున్నాయని, మనలాగే ఒక దిష్టిబొమ్మ నిలబెట్టారు. కాకపోతే దానికి వాళ్ల నాన్న పోలికలు పెట్టారు. దారిన పోయేవాళ్లు ఆయనే అనుకుని పలకరించేవారట! అది విన్నాక నాకు కాస్త సిగ్గు తగ్గింది. తర్వాత ఊళ్లో ఎవరైనా చనిపోయినా, పట్నం వెళ్లిపోయినా వాళ్ల బొమ్మ చేయడం మొదలుపెట్టారు. లోపల కర్రలు, చుట్టూ వార్తాపత్రికలు, పైన గుడ్డ. ఎండకీ వానకీ రెండు మూడేళ్లకి పాడైపోతే మళ్లీ కొత్తది.

అక్కడి బడి 2012లో మూతపడింది. చివరికి ఇద్దరే పిల్లలు మిగిలారు. ఆ ఇద్దరూ తమ బొమ్మలు తామే చేసి, తమ బట్టలే తొడిగి, తరగతిలో కూర్చోబెట్టి వెళ్లిపోయారు. మీ మామ్మ ఒక బొమ్మకి నలిగిన కాలరు సర్దబోయి, ముట్టుకోవచ్చో లేదోనని చెయ్యి వెనక్కి తీసేసుకుంది. కారెక్కేదాకా ఏమీ మాట్లాడలేదు.

దారిలో ఒకచోట చెక్క అల్మారాలో కూరగాయల సంచులు పెట్టి ఉన్నాయి. సంచి 100 యెన్లు. పక్కన డబ్బుల డబ్బా. కొట్టువాడు వస్తాడని నేను కాసేపు నిలబడ్డాను. ఎవరూ రారట, మనమే డబ్బులేసి తీసుకోవాలట. బేరమాడటానికి మనిషే లేడని మీ మామ్మకి ఒకటే దిగులు.

ఆ లోయలోనే అడవి తీగలతో అల్లిన వంతెన ఉంది. పొడవు 45 మీటర్లు, కింద 14 మీటర్ల లోతున నది. తీగల లోపల ఇనుప తాళ్లున్నాయి, మూడేళ్లకోసారి తీగలు మారుస్తారు కూడా. కానీ అడుగు కర్రల సందుల్లోంచి నీళ్లు కనిపిస్తుంటే అవన్నీ ఎవరికి గుర్తొస్తాయి? మీ మామ్మ సగం దూరంలో ఆగిపోయి "సింహాద్రి అప్పన్నా, గట్టెక్కించు, తలనీలాలు ఇస్తాం" అని మొక్కేసింది. ఎవరి తలనీలాలో అవతలి ఒడ్డుకి చేరాక తెలిసింది. నావి!

వచ్చే శనివారం సింహాచలం వెళ్తున్నాం. ఆదివారం వీడియో కాల్‌లో గుండుతో కనిపిస్తాను. నేను మాట్లాడేదాకా బొమ్మనుకోకండి.

మీ తాతయ్య