ఆయిల్ హీటరూ, పసుపెక్కిన ప్లగ్గూ

ఢిల్లీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మా మేనకోడలు జనవరి చలికి తట్టుకోలేక ఆయిల్ హీటర్ కొనుక్కుంది. "మావయ్యా, దీన్ని గదిలో ఎక్కడ పెట్టాలి? నూనె అంటుకోదు కదా? అయిపోతే మళ్లీ పోయించాలా?" అని ఫోను.

ఆ నూనెని ఇంధనంలా మండించరు, అది తరగదు. సీలు వేసిన రేకుల్లో తిరుగుతూ కాయిల్ వేడిని మోస్తుంది, అంతే. అయితే హీటర్ని నిలబెట్టే వాడాలి. కాయిల్ అడుగున ఉంటుంది కాబట్టి, పక్కకు ఒరిగితే నూనెలోంచి బయటపడి మాడిపోవచ్చు.

నాకు భయం ప్లగ్గు దగ్గర. ఫోటో పంపమన్నాను. మంచం పక్కన చిన్న సాకెట్, దానికి పెద్ద ప్లగ్గుని చిన్న సాకెట్లో పట్టించే కన్వర్టర్, దానికి హీటర్. తెల్లటి కన్వర్టర్ ఒక పిన్ను చుట్టూ మాత్రం పసుపెక్కి ఉంది.

2500 వాట్ల హీటర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 11 ఆంపియర్లు లాగుతుంది. చిన్న సాకెట్ 6 ఆంపియర్లకు చేసింది. పైగా లోపల ఇత్తడి రేకు కాస్త వదులైందనుకోండి, అక్కడ 0.1 ఓమ్ నిరోధం చేరిందనుకుందాం. పుట్టే వేడి కరెంటు వర్గాన్ని నిరోధంతో హెచ్చిస్తే వస్తుంది: 121 × 0.1, అంటే 12 వాట్లు. ఒక ఎల్‌ఈడీ బల్బు మొత్తం తినే పవరు, మినపగింజంత చోట! అదే సాకెట్‌కి 0.1 ఆంపియర్ లాగే ఫోన్ ఛార్జర్ పెడితే అక్కడ పుట్టే వేడి 0.001 వాట్. కరెంటు 110 రెట్లయితే వేడి 12,000 రెట్లు దాటింది. ఈ సూత్రాన్ని పదో తరగతిలో లెక్కలు కట్టించి వదిలేస్తాం, ఇంట్లో ప్లగ్గు వైపు ఒక్కసారీ చూపించం.

ఆ వేడికి రేకు ఇంకా వదులవుతుంది, చిలుమెక్కుతుంది, నిరోధం రెట్టింపై 24 వాట్లవుతుంది. ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే బోర్డు స్విచ్) పడుతుందిలే అనుకోకండి. అది చూసేది కరెంటునే. ప్లాస్టిక్ కరుగుతున్నా కరెంటు ఆ 11 ఆంపియర్లే.

కాబట్టి ముందు 16 ఆంపియర్ల సాకెట్ వెతకాలి, హీటర్ని దాని వైరు అందేంత దూరంలో పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు వద్దు. సరిగ్గా సాకెట్ కిందా వద్దు, పైకి లేచే వేడిగాలి దానికే తగులుతుంది. కర్టెన్లు, రజాయి, సోఫా మీటరు దూరంలో ఉండాలి. తడి బట్టలు రేకుల మీద ఆరేయకూడదు. అరగంట వాడాక స్విచ్ ఆపి ప్లగ్గు పట్టుకుని చూస్తే విషయం తెలిసిపోతుంది. వేడిగా ఉంటే ఆ సాకెట్ వాడొద్దు.

పక్కింటావిడ గిన్నెలో నీళ్లు పెట్టమందట, ఆక్సిజన్ తగ్గకుండా. కుంపటి అయితే ఆక్సిజన్ తింటుంది, కార్బన్ మోనాక్సైడ్ వదిలి ప్రాణాలూ తీస్తుంది. ఈ హీటర్లో మండేదేమీ లేదు. ఆ నీళ్ల వల్ల గాలి పొడిదనం కాస్త తగ్గితే తగ్గొచ్చు.

గదిలో 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు ఏసీ పక్కన, పైకప్పు దగ్గర ఉందట. ఇంటి ఓనర్ని ఒప్పించి, ఎలక్ట్రీషియన్ చేత ఎదురు గోడకి వేరే వైరుతో కొత్త సాకెట్ పెట్టించింది. పాతది విప్పితే వెనక వైరు తొడుగు అప్పడంలా విరిగి అతని చేతిలోకి వచ్చిందట.