పెంకు పురుగు ఇంటిపేరు

చిరంజీవులు చిన్నాకూ బుజ్జికీ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మృగశిర కార్తె దాటకముందే మీ వైపు కూడా మంచి వాన పడిందని మీ అమ్మ చెప్పింది. ఆ రాత్రి బాల్కనీ దీపానికి టపటపా కొట్టుకుని, నేలమీద వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తున్న గోధుమరంగు పురుగును తిప్పి పెట్టి మీరు ఫోటో తీసి పంపారు. "తాతయ్యా, ఇదేం పురుగు? ఫోనును మూడుసార్లు అడిగితే మూడు పేర్లు చెప్పింది. అందులో ఏది నిజం?" అని బుజ్జి అడిగింది. ఇది ఫోనులో రెండు మాటల్లో తేలే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

పెళ్ళివారింట్లో పెద్దవాళ్ళు కొత్త కుర్రవాడు కనబడితే "నీ పేరేమిటి?" అని మొదలుపెట్టరు. "ఎవరింటి అబ్బాయివి నాయనా, ఇంటిపేరేమిటి?" అంటారు. ఇంటిపేరు తెలిసిందంటే ఊరు తెలుస్తుంది, తాతముత్తాతలు తెలుస్తారు, ఏ వరుస కలుస్తుందో కూడా తెలుస్తుంది. సొంతపేరు భోజనాలయ్యాక తీరికగా అడగవచ్చు. పురుగులను గుర్తుపట్టడం కూడా సరిగ్గా ఇలాగే జరగాలి. 1758లో స్వీడన్ దేశపు కార్ల్ లిన్నేయస్ జంతువులకు రెండేసి మాటల పేర్లు ఖాయం చేసినప్పుడు, మన తెలుగువాళ్ళను అడిగి చేశాడా అన్నట్టు, ఇంటిపేరును ముందు పెట్టి సొంతపేరును వెనక పెట్టాడు. కొబ్బరిచెట్ల మొవ్వును తొలిచే కొమ్ము పురుగు మీకు తెలుసు కదా, దాని పూర్తి పేరు ఓరిక్టెస్ రైనోసెరస్. ఇందులో ఓరిక్టెస్ ఇంటిపేరు. రైనోసెరస్ అంటే ఖడ్గమృగం. అది మూతిమీది కొమ్మును చూసి పెట్టిన సొంతపేరు. ప్రపంచంలో ఇప్పటివరకు పేరు పెట్టిన పెంకు పురుగులే దాదాపు 4 లక్షల రకాలున్నాయి. అంత పెద్ద పెళ్ళిలో నేరుగా సొంతపేరు పట్టుకుని వెతకబోతే మీ ఫోనులాగే మూడు పేర్లు చెప్పి నిలబడవలసి వస్తుంది.

అయితే వచ్చినవాడు నిజంగా మన చుట్టమేనా, అంటే పెంకు పురుగేనా, లేక భోజనాల వేళ చూసి పందిట్లోకి దూరినవాడా అన్నది అంతకంటే ముందు తేల్చుకోవాలి. ఇంకొక వారంలో ఆరుద్ర కార్తె వస్తుంది. తడిసిన ఇసుకమీద ఎర్రని మఖమల్ ముక్కల్లాగా ఆరుద్ర పురుగులు నడుస్తాయి. వాటిని పెంకు పురుగులే అనుకునేవాళ్ళను నేను చాలామందిని చూశాను. కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటాయి. ఎదిగిన కీటకానికి ఆరే ఉండాలి. ఎనిమిది కాళ్ళవాడు సాలెపురుగు తరఫు బంధువు. సరే, ఆరు కాళ్ళున్నాయనుకుందాం, అప్పుడు వీపు చూడాలి. పెంకు పురుగు ముందు రెక్కలు గట్టిపడి పెంకులైపోయి ఉంటాయి. అవి మూసిన తలుపు రెక్కల్లాగా వీపు నడిమధ్య ఒకే నిలువు గీతమీద కలుసుకుంటాయి. ఎగరడానికి పనికివచ్చే పలుచని రెక్కలు ఆ తలుపుల వెనక, ఇస్త్రీ పంచెను పెట్టెలో మడతపెట్టినట్టు, పొందికగా ఉంటాయి. పత్తికాయల మీద గుంపులుగా చేరే ఎర్రని పురుగును చూడండి. దాని రెక్కలు అలా కలవవు, ఒకదానిమీద ఒకటి వాలి వెనకవైపు ఇంటూ గుర్తులా కనిపిస్తాయి. దాని నోరు కూడా సూదిలాగా ఉండి రసం పీలుస్తుంది. పెంకు పురుగుకైతే కొరికి నమిలే దవడలుంటాయి. మీ ఫోటోలో నిలువు గీత స్పష్టంగా ఉంది. కాబట్టి వచ్చినవాడు చుట్టమే.

ఇక ఇంటిపేరు. మా మేనత్త పందిట్లో ఒక మూల కూర్చుని, వచ్చేవాళ్ళ ముక్కు చూసి ఏ ఇంటివాళ్ళో చెప్పేది, ఎప్పుడూ తప్పేది కాదు. పురుగుల్లో కూడా అలాంటి ముక్కున్న ఇల్లు ఒకటుంది. మీ అమ్మ బియ్యం చేటలో పోసినప్పుడు ముక్కు పురుగును చూడండి. పొడవు దాదాపు 3 మిల్లీమీటర్లే, అయినా తల ముందు ఏనుగు తొండంలాగా ఒక ముక్కు ఉంటుంది. కొబ్బరిచెట్టును లోపల్లోపల తినేసే ఎర్రముక్కు పురుగు దానికి పదింతలు పొడుగున్నా, అదే ముక్కు, అదే ఇల్లు. మామిడి కాండాన్ని తొలిచేవాడికి ఒంటికంటే పొడుగైన మీసాలుంటాయి. ఇంకొకణ్ణి వెల్లకిలా పడేస్తే టక్కుమని చప్పుడు చేసి గాలిలోకి ఎగిరి తిన్నగా పడతాడు. ఆ చప్పుడే వాడి ఇంటిపేరు. మిణుగురు కూడా పెంకు పురుగేనంటే చిన్నా నమ్మడు, కానీ ఈసారి పట్టుకున్నప్పుడు వీపుమీది నిలువు గీతను వెతకమనండి. నిజానికి నేను చెబుతున్న ఈ ఇళ్ళు ఇంటిపేర్లకంటే పెద్దవి, వీటిని వంశాలనాలి. ఒక్కొక్క వంశంలో ఎన్నో ఇంటిపేర్లుంటాయి. కానీ పోలికను ఇప్పుడు సవరించబోతే పెళ్ళి మధ్యలో ఆగిపోతుంది, అందుకని ఇలాగే సాగనివ్వండి.

ప్రతి పెళ్ళిలోనూ పలకరిస్తే మండిపడే చుట్టం ఒకడుంటాడు. ఈ వానల్లో దీపం కిందికి సెంటీమీటరు కూడా లేని ఒక సన్నని పురుగు వస్తుంది. అది నారింజ, నలుపు రంగుల్లో చీమలాగా పరుగెడుతుంది. దాని పెంకులు చొక్కా పొట్టిదైపోయిన పిల్లవాడి చొక్కాలాగా సగం వీపు కూడా కప్పవు. అదీ పెంకు పురుగే. మెడమీద వాలినప్పుడు దాన్ని నలిపితే దాని ఒంట్లోని విషం అంటుకుని, ఒకటి రెండు రోజుల్లో చర్మం కాలినట్టు ఎర్రబడి బొబ్బలెక్కుతుంది. చేత్తో కొట్టకుండా ఊది పంపండి. ఏ పురుగునైనా పేరు తెలియకముందు వేళ్ళతో పట్టుకోకండి, కాగితం మీదికి ఎక్కించుకోండి.

మీ వయసులో నాకు ఈ బుద్ధి లేదు. వానలు మొదలయ్యాక మా ఊరి వెనక తుమ్మచెట్ల మీద బంగారు పురుగులు వచ్చేవి. మేము వాటిని జీరంగులనేవాళ్ళం. పచ్చ, నీలం, బంగారం కలిసి మెరిసే ఆ వీపును చూస్తే బడి మాట గుర్తుండేది కాదు. అగ్గిపెట్టెలో నాలుగు తుమ్మాకులు వేసి జీరంగిని పెట్టుకుని, పలక సంచీలో దాచి, లెక్కల పీరియడులో పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని అది గోకే చప్పుడు వినేవాణ్ణి. కాలికి దారం కట్టి గాలిపటంలాగా ఎగరేసేవాణ్ణి కూడా. అది తప్పని అప్పుడు ఎవరూ చెప్పలేదు, మీకు నేను చెబుతున్నాను. ఒకసారి చచ్చిపోయిన జీరంగి పెంకులు రెండు మా అమ్మమ్మ తన కుంకుమ భరిణెలో దాచింది. ఆమె పోయిన ఎన్నో ఏళ్ళకు భరిణె తెరిస్తే కుంకుమ రంగు మాసిపోయింది కానీ ఆ పెంకుల పచ్చదనం చెక్కుచెదరలేదు. ఆ పచ్చదనం అద్దిన రంగు కాదు. సబ్బు బుడగమీద రంగులు పుట్టినట్టు, పెంకులోని పలుచని పొరలమీద వెలుతురు పడి తిరిగి వచ్చేటప్పుడు పుడుతుంది. పొరలు ఉన్నంతకాలం అదీ ఉంటుంది. పాతకాలంలో ఆ పెంకులను చీరలమీదా అంగీలమీదా చెమ్కీల్లాగా కుట్టేవారు.

ఇంటిపేరు ఒకటే కదా అని సొంతపేరును అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో కూడా నా చేతులమీదుగానే తెలిసింది. నాకు పదేళ్ళప్పుడు మా నాన్న వంగమడిలో అక్షింతల పురుగులను ఏరమన్నాడు. ఎర్రని గుండ్రని వీపుమీద నల్లచుక్కలున్న దానినల్లా ఏరి నీళ్ళ ముంతలో వేశాను. పొగుడుతాడనుకుంటే, ముంతలోకి చూసి "సగం మన కూలివాళ్ళను చంపావు కదరా" అన్నాడు. అక్షింతల పురుగు అనే పేరుతో తిరిగేవాళ్ళు ఇద్దరున్నారు. నునుపుగా, నూనె రాసినట్టు మెరిసేవాడు మొక్క రసం పీల్చే పేనుబంకను తిని మొక్కను కాపాడతాడు. వీపుమీద సన్నని నూగు ఉండి మెరుపు లేకుండా కనిపించేవాడు వంగాకు పచ్చదనాన్ని గోకి తిని ఆకును జల్లెడ చేస్తాడు. రెండోవాడి సొంతపేరు మీకు నవ్వు తెప్పిస్తుంది: విజింటియోక్టోపంక్టాటా. లాటిన్ భాషలో ఇరవైయెనిమిది చుక్కలవాడని అర్థం. లిన్నేయస్ శిష్యుడు ఫాబ్రిసియస్ 1775లో చుక్కలు లెక్కపెట్టి ఆ పేరు పెట్టాడు. అప్పుడు ఆయన ఇంటిపేరుగా కాక్సినెల్లా అని రాశాడు, అంటే మంచివాళ్ళ ఇంట్లోనే చేర్చాడు. తరవాతివాళ్ళు బాగా పరిశీలించి హెనోసెపిలాక్నా అనే వేరే ఇంటిపేరు ఇచ్చారు. అంత పెద్దవాళ్ళే ఇంటిపేరు మార్చి రాసుకున్నారంటే, ముంత పట్టుకున్న పదేళ్ళవాడిని మా నాన్న ఒక్క మాటతో వదిలేయడం న్యాయమే. చుక్కలు లెక్కపెట్టడంకంటే ముందు ఆకు చూడమని మాత్రం ఆ రోజే నేర్పాడు. ఆకు జల్లెడగా ఉంటే వాడు దొంగ, ఆకుకింద పేనుబంక ఉంటే వాడు కావలివాడు.

ఇప్పుడు మీ పురుగు దగ్గరికి వద్దాం. తొలివాన పడిన రాత్రి వచ్చింది, గోధుమరంగు, బరువైన ఒళ్ళు, తవ్వడానికి తగిన ముళ్ళకాళ్ళు. ఇది వేరుపురుగు తల్లి అయి ఉంటుందని నా అనుమానం. వేరుశనగ చేలల్లో వేర్లు కొరికే, అర్ధచంద్రాకారంలో ముడుచుకుని పడుకునే తెల్లని పురుగును పొలానికి వచ్చినప్పుడు మీకు చూపించాను, గుర్తుందా? అదే నేలలో ఎదిగి, రూపు మార్చుకుని, మంచి వాన కోసం మట్టిలో కాచుకుని ఉండి, పొద్దుగూకాక ఒక్కసారిగా బయటికి వస్తుంది. అనుమానం తీరాలంటే మీసాలు చూడాలి. ఈ వంశంవాళ్ళ మీసాల చివర చిన్న చిన్న రేకులుండి, ఎగరబోయే ముందు విసనకర్రలాగా విప్పుకుంటాయి. పేడ పురుగుకూ అవే రేకులు, కొమ్ము పురుగుకూ అవే రేకులు, ముగ్గురూ దగ్గరి చుట్టాలు. మీ ఫోటోలో మీసాలు తలకింద దాగిపోయాయి, కాళ్ళు సగమే పడ్డాయి, ఎంత పొడుగో తెలిసే ఆధారం లేదు. ఫోను చెప్పిన మూడు పేర్లూ ఈ ఒక్క వంశంలోవేనని గమనించారా? పాపం, వంశం దాకా బాగానే చెప్పింది, ఆపైన తెలియదని ఒప్పుకోవడమే దానికి చేతకాలేదు. వేరుపురుగుల్లో పక్కపక్క రకాలను విడదీయడానికి శాస్త్రజ్ఞులు కూడా పురుగును భూతద్దం కింద పెట్టి, ఒక్కోసారి కోసి చూస్తారు. కాబట్టి మీ నోటుపుస్తకంలో తేదీ, వాన పడిన సంగతి, దీపం దగ్గర దొరికిన సంగతి రాసి, "వేరుపురుగుల వంశం కావచ్చు, సొంతపేరు తెలియదు" అని రాసుకోండి. అలా రాయడం నామోషీ కాదు. నా పుస్తకంలో అలాంటి పేజీలు చాలా ఉన్నాయి.

ఈ వేరుపురుగు తల్లులకు వేపాకు ప్రాణం. నా చిన్నతనంలో తొలివాన మర్నాటి సాయంత్రం చేలగట్టుమీది వేపచెట్టు జాతరలాగా ఝుమ్మనేది. రైతులు లాంతర్లు పట్టుకుని వెళ్ళి కొమ్మలు దులిపి, రాలిన పురుగులను కిరోసిను కలిపిన నీళ్ళలో వేసేవారు. మీ వీధి చివర వేపచెట్టు ఉంది కదా. ఈసారి వాన వెలిసిన సాయంత్రం మీ నాన్నను తోడు తీసుకుని, చీకటి పడే వేళకు దాని కిందికి వెళ్ళండి. ముందు టార్చి వెయ్యకుండా కాసేపు నిలబడి వినండి, తరవాత లేతకొమ్మల మీదికి వెలుతురు పట్టండి. ఒకటి కిందపడితే పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ఎదురుగా మూతికి ఒకటి చొప్పున ఫోటోలు తీసి, మీసాలు విప్పుకునేదాకా ఓపిక పట్టి ఇంకొకటి తీయండి. పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టడం మరిచిపోకండి, పురుగు ఎంత ఉందో నాకు తెలియాలి.

ఇట్లు,
మీ తాతయ్య