పచ్చటి మొక్కలను ఎందుకు కాల్చారు?

చిట్టీ,

ఆదివారం నువ్వు అడిగింది ఇంకా నా మనసులోనే తిరుగుతోంది. "తాతా, పైన్ చెట్ల నర్సరీలో కొన్ని మొక్కలకే రోగమొస్తే పచ్చగా ఉన్నవి కూడా ఎందుకు కాల్చారు? పాపం కదా?" అన్నావు. పాపమే బిడ్డా.

మీ నానమ్మ ఆవకాయ జాడీ తెలుసు కదా. తడి గరిటె పెడితే పైన తెల్లగా బూజు. కనిపించేది ఆ మచ్చే, దాని దారాలు అప్పటికే లోపలికి పాకి ఉంటాయి. పైపైన తీసేస్తే నాలుగు రోజులకు మళ్లీ తేలుతుంది. అదే గరిటె పక్క జాడీలో పెడితే అదీ పాడే. అందుకే నానమ్మ అంతా పారబోసి, జాడీని మరిగే నీళ్లతో కడిగి ఎండలో బోర్లిస్తుంది. మూతనూ, కట్టిన గుడ్డనూ వదలదు. నర్సరీలోనూ అంతే. మొక్కలు కాలుస్తారు, ట్రేలు, కత్తెరలు, చివరికి చెప్పులు కూడా కడుగుతారు.

పైన్ మొక్కలను పట్టే ఆ బూజు పేరు ఫ్యుజేరియం సర్సినేటమ్. మన కందిచేలలో ఎండు తెగులు తెచ్చేదానికి దాయాది. 1946లో అమెరికాలో గుర్తించారు. 1990లో దక్షిణాఫ్రికా నర్సరీలో, 2005 నాటికి స్పెయిన్ ఉత్తరాన నర్సరీల్లో కనిపించింది. ఇంతింత దూరాలు ఎలా పోయిందంటావా? విత్తనంలో దాక్కుని. పైకి గింజ నిగనిగలాడుతూనే ఉంటుంది! ఒకసారి పట్టుకున్న మొక్కకు మందు లేదు. అందుకే యూరప్‌లో రోగం దొరికిన చోటు చుట్టూ కనీసం కిలోమీటరు దాకా కాపలా పెడతారు.

నాకు పదేళ్లప్పుడు మా మిరప నారుమడిలో నారుకుళ్లు వచ్చింది. ఒక మూల మొలకలు మొదలు మెత్తబడి వాలిపోయాయి. బాపు ఆ మూల పీకేశాడు. మిగతాది పీకడానికి చేతులు రాలేదు. పచ్చగా ఉందని ఇద్దరు చుట్టాలకు పంచాడు కూడా. పది రోజుల్లో వాళ్ల చేలలోనూ మొక్కలు వాలాయి. ఆ ఏడాది దసరాకు బాపు వాళ్లిళ్లకు పోలేదు. నీ ప్రశ్న వినగానే నాకు ఆయన ముఖమే గుర్తొచ్చింది.

ఇంత చిన్న బూజుకు అంత పెద్ద పైన్ అడవిని పడగొట్టే బలం ఎక్కడిదో, ఎన్నేళ్లు ఆలోచించినా నాకు ఆశ్చర్యమే.

మీ ఊరి నర్సరీకి పొద్దున్నే పో. ఏమీ ముట్టుకోకు. వంగి, మొలక మట్టిని తాకేచోట చూడు. నల్లగా, సన్నగా నొక్కుకుపోయినట్టు ఉంటే అక్కడున్నవాళ్లకు చెప్పు. ఇంటికొచ్చాక చెప్పులు కడుక్కో. ఏం చూశావో నాకు రాయి.

మీ తాత,
హనుమకొండ