డిసెంబర్ 14 డ్రాయింగ్ పోటీ వెనక కథ

డిసెంబర్ వచ్చిందంటే వైజాగ్‌లో చాలా స్కూళ్లలో ఒకటే హడావిడి, ఎనర్జీ కన్జర్వేషన్ డే (ఇంధన పొదుపు దినం), డ్రాయింగ్ పోటీ, స్లోగన్లు. పిల్లలు గాలిమర గీస్తారు, పచ్చటి భూగోళం గీస్తారు, బాగానే గీస్తారు కూడా. కానీ ఆ పిల్లల్లో తమ స్కూల్ కరెంటు మీటర్ ఎక్కడుందో తెలిసినవాళ్లు ఎంతమంది? ఇలా ఎందుకైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇంధనం, కరెంటు పొదుపు అనే మాట మనకి పర్యావరణం దారిలో రాలేదు, కొరత దారిలో వచ్చింది. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాక దేశమంతా పెట్రోలు, కిరోసిన్ గురించి కంగారు పడింది, 1978లో పీసీఆర్ఏ అని పెట్రోలు, డీజిల్ పొదుపు కోసం ఒక సంస్థ పెట్టారు, ఇంధనం ఆదా చేయండి అని ప్రచారం మొదలైంది. పర్యావరణం సంగతి వేరే దారి. 1976లో 42వ సవరణతో ప్రకృతిని కాపాడటం పౌరుడి ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోకి ఎక్కింది, 1986 విద్యా విధానంలో కూడా ఆ మాట ఉంది, క్లాస్‌రూమ్‌లోకి మాత్రం పెద్దగా రాలేదు.

అప్పుడు ఎం.సి.మెహతా అనే లాయర్ సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1991 నవంబర్ 22న తీర్పు వచ్చింది, సినిమా హాళ్లలో ప్రతి ఆటకి పర్యావరణం మీద కనీసం రెండు స్లైడ్లు ఉచితంగా వేయాలి, స్కూళ్లలో పర్యావరణాన్ని తప్పనిసరి సబ్జెక్ట్ చేయాలి అని. డిసెంబర్ 14ని ఎనర్జీ కన్జర్వేషన్ డేగా జరపడం మొదలైంది కూడా ఆ 1991లోనే. రెండూ ఒకే ఏడాది మొదలైనా ఒకటి సబ్జెక్ట్‌గా, ఇంకోటి పండగలా ఎవరి దారిన అవి పోయాయి, నా ఉద్దేశంలో అసలు ఇబ్బంది ఇక్కడే మొదలైంది. చాలా రాష్ట్రాలు తీర్పుని పట్టించుకోకపోతే 2003లో కోర్టు మళ్లీ గట్టిగా చెప్పాల్సొచ్చింది, స్కూలు పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్సీఈఆర్టీ సిలబస్ తయారు చేసింది. ఈలోగా 2001-02లో నేషనల్ గ్రీన్ కోర్ పేరుతో స్కూళ్లలో ఎకో క్లబ్బులొచ్చాయి, మొక్కలు నాటించారు, ర్యాలీలు తీశారు. కోర్టు చెప్పింది కాబట్టి చేస్తున్నాం అన్నట్టు చేస్తే ఏ పనైనా రిజిస్టర్ దగ్గరే ఆగిపోతుంది, మొక్క నాటాక నీళ్లు ఎవరు పోస్తారో అడిగేవాళ్లు ఉండరు.

ఇంక 2002 సంగతి. ఎనర్జీ కన్జర్వేషన్ చట్టం అమల్లోకి వచ్చి ఢిల్లీలో బీఈఈ, అంటే కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, పుట్టింది ఆ ఏడాదే, మన పరవాడ దగ్గర సింహాద్రి బొగ్గు పవర్ ప్లాంట్ మొదటి యూనిట్లు తిరగడం మొదలైందీ ఆ ఏడాదే. ఇప్పుడది 2000 మెగావాట్లు. 2005లో బీఈఈ స్కూల్ పిల్లలకి పెయింటింగ్ పోటీ మొదలుపెట్టింది, మరుసటేడు ఫ్రిజ్‌ల మీద ఎంత కరెంటు ఆదా చేస్తాయో చెప్పే స్టార్లు వచ్చాయి. పోటీ మంచిదే, పల్లెటూరి స్కూల్ పిల్లాడు కూడా ఢిల్లీ దాకా వెళ్లే అవకాశం ఉంది, నేను దాన్ని తీసిపారేయట్లేదు. కానీ అది బొమ్మ దగ్గర ఆగిపోయింది.

మన ఊళ్లో ఆగాల్సిన పనే లేదండి. కరెంటు ఎలా పుడుతుందో మొదట్నుంచీ చివరిదాకా కళ్లతో చూడగలిగే ఊరు ఇది. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ ఒకపక్క, సింహాద్రి చిమ్నీలు ఒకపక్క, పోర్టు బొగ్గు దుమ్ము పడితే వన్ టౌన్‌లో ఆరేసిన బట్టల మీదే కనిపిస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక రోజుల తరబడి కరెంటు లేక ఎలా ఉన్నామో ఇంట్లో పెద్దవాళ్లని అడిగితే చాలు. తర్వాత 90 వేలకు పైగా వీధి లైట్లు ఎల్ఈడీకి మారాయి, 2018లో ముడసర్లోవ రిజర్వాయర్ నీళ్ల మీద 2 మెగావాట్ల సోలార్ పలకలు తేలాయి. ఇవన్నీ పాఠాలే, పుస్తకంలో లేకపోవచ్చు అంతే.

ఒక చిన్న లెక్క చూడండి. పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తింటుంది. క్లాసులో నాలుగు ఫ్యాన్లు లంచ్ టైంలో ఖాళీ గదిలో గంట తిరిగితే 300 వాట్-అవర్లు, అంటే 0.3 యూనిట్ (వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్). బొగ్గు ప్లాంట్‌లో ఒక యూనిట్‌కి ముప్పావు కిలో అటూఇటూగా బొగ్గు కాలుతుంది కాబట్టి ఆ ఖాళీ గది గంటలో 200 గ్రాములకి పైగా బొగ్గు తినేసింది. ఈ లెక్కకి ఆరో తరగతి గుణకారాలు చాలు. తూకం వేసి 200 గ్రాముల బొగ్గు బల్ల మీద పెడితే పిల్లలు దాన్ని చేత్తో పట్టుకుని చూస్తారు, ఇంటికెళ్లి ఫ్యాన్ వైపు ఇంకోలా చూస్తారు.

2022లో పర్యావరణానికి తగ్గట్టు బతుకుదాం అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం మిషన్ లైఫ్ వచ్చింది, ఎకో క్లబ్బులకి ఇప్పుడు ఆ పేరు కూడా తగిలించారు. పేరు ఏదైనా పెట్టుకోండి, ఈ డిసెంబర్‌లో గాలిమర బొమ్మతో పాటు ప్రతి సోమవారం ఇద్దరు పిల్లలు మీటర్ రీడింగ్ రాసి నోటీస్ బోర్డు మీద పెట్టే పని కూడా మొదలుపెట్టమని మీ పిల్లల స్కూల్లో అడగండి, దానికి ఏ సర్క్యులర్ అక్కర్లేదు, ఒక చాక్‌పీస్, హెడ్మాస్టర్ గారి ఒక్క మాట చాలు.