పదివేల అడుగుల లోపు వేగానికి పగ్గం

గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా పోగల జెట్ విమానం, రన్‌వే విడిచాక కొన్ని నిమిషాల పాటు దాదాపు సగం వేగంతోనే పైకెక్కుతుంది. ఇంజన్లకు శక్తి చాలక కాదు. అమెరికా నిబంధనల ప్రకారం సముద్రమట్టానికి 10,000 అడుగుల లోపు పైలట్ ముందున్న వేగసూచిక 250 నాట్లు, అంటే గంటకు సుమారు 463 కిలోమీటర్లు, దాటకూడదు; మరెన్నో దేశాల్లోనూ ఇదే అంకె చెల్లుతోంది.

దీని వెనుక ఒక విషాదం ఉంది. 1960 డిసెంబర్ 16న న్యూయార్క్ గగనతలంలో యునైటెడ్ విమానయాన సంస్థ డీసీ-8 జెట్, టీడబ్ల్యూఏ అనే మరో సంస్థ సూపర్ కాన్‌స్టెలేషన్ విమానం ఢీకొని, నేల మీది ఆరుగురితో కలిపి 134 మంది మరణించారు. ఆగి చక్కర్లు కొట్టవలసిన చోటును జెట్ దాటిపోయింది. అక్కడికి అతివేగంగా రావడమూ ప్రమాదానికి దోహదం చేసిందని దర్యాప్తు తేల్చింది. దిగే విమానాలకు మొదట విధించిన వేగ పరిమితిని ఆ దశాబ్దంలోనే బయలుదేరే వాటికీ వర్తింపజేశారు.

నా దృష్టిలో అసలు విశేషం మలుపు లెక్కలో ఉంది. విమానాన్ని ఒకే కోణంలో పక్కకు వంచి తిరిగితే, మలుపు వ్యాసార్ధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గాలి వీచనప్పుడు 25 డిగ్రీల వంపుతో 200 నాట్ల నిజ వేగానికి (సూచిక చూపే అంకె కాక, గాలిలో విమానం అసలు వేగానికి) అది సుమారు 2.3 కిలోమీటర్లు, 250కి 3.6, 300కి 5.2. వేగం ఒకటిన్నర రెట్లయితే వలయం రెండు రెట్లకు మించి విస్తరిస్తుందన్నమాట. పక్కన కొండో, పొరుగు రన్‌వే దారో ఉన్నచోట ఆ అదనపు కిలోమీటర్లకు తావుండదు కనుకనే, బయలుదేరే విమానాల కోసం గీసిన కొన్ని నిష్క్రమణ మార్గాల పటాల్లో ఫలానా మలుపు ముగిసేదాకా ఇంకా తక్కువ వేగమే ఉండాలని రాసి ఉంటుంది. పక్షి తగిలినప్పటి దెబ్బ తీవ్రతా వేగపు వర్గంతోనే పెరుగుతుంది; పక్షులు ఎక్కువగా ఎగిరేదీ ఈ కింది పొరల్లోనే.

అయితే నెమ్మదితనానికీ హద్దుంది. నిండుగా ఇంధనం, సరుకు మోసే బోయింగ్ 747, తక్కువ వేగంలో ఎగరడానికి రెక్కల నుంచి చాచే ఫ్లాప్స్ మూసుకున్నాక, 250 నాట్ల దగ్గర సురక్షితంగా ఎగరలేకపోవచ్చు. అలాంటి విమానం తన కనీస సురక్షిత వేగంతో పోవచ్చని అమెరికా నిబంధనే చెబుతోంది. మామూలు విమానానికి మాత్రం అక్కడ నేల మీది నుంచి విమానాల రాకపోకలు నడిపించే కంట్రోలర్ సైతం ఈ పరిమితిని సడలించలేడు. కొన్ని ఇతర దేశాల్లో, దారి ఖాళీగా ఉంటే, కంట్రోలరే దాన్ని ఎత్తివేయవచ్చు.